ఏటవతలి ఇంటిపేరు

నాలుగు కావడానికి ఇరవై నిమిషాలుంది. ఐదింటికి నోటరీ వస్తాడు. ఈలోగా, జీనుల గదిలో చేతులకి సంకెళ్లతో కూర్చున్న కుర్రాడు ఈ ఇంటి దొంగో, ఈ ఇంటి కొడుకో తేలాలి.

తేల్చాల్సిన మనిషి డిటెక్టివ్ హెర్మినె టెబ్బె. మ్యూన్‌స్టర్‌లో ఆమెకి రెండు గదుల ఆఫీసుంది. యుద్ధం ముగిసిన ఈ పదమూడేళ్లలో ఆమె దగ్గరికి వచ్చిన కేసుల్లో సగం తప్పిపోయినవాళ్లవే. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని పేరు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం లిజెట్ రెన్సింగ్ వంటింట్లో కూర్చుని, ఆమె మొహం వైపు చూడలేక బల్ల మీది కాఫీ కప్పు వైపు చూస్తోంది. ఐదేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, "ఈ పిల్లాడు మీవాడు కాడండీ" అని చెప్పింది తనే మరి.

అది రెండోసారి. అంతకుముందు నలభై తొమ్మిదిలో ఒకావిడ పదేళ్ల పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. యాభై మూడులో ఒకాయన పద్నాలుగేళ్లవాణ్ణి తెచ్చాడు. ఇద్దరికీ పాఠం నేర్పించే తెచ్చారు. పోస్టాఫీసు గోడల మీద అంటించిన ప్రకటన చూసి నేర్పిన పాఠం అది: కాస్పర్ రెన్సింగ్, 1939లో పుట్టాడు, తప్పిపోయేనాటికి ఐదేళ్లు, రాగిరంగు జుట్టు. ఆ పిల్లల్ని లిజెట్ పల్లెత్తు మాట అనలేదు. కడుపునిండా పెట్టి, దారిలో తినడానికి రొట్టె కూడా కట్టిచ్చి పంపింది. రెండోవాడు వెళ్లాక మాత్రం రెండు నెలలు మంచం దిగలేదు. డాక్టరు గుండె అన్నాడు. ఊళ్లోవాళ్లు కూడా గుండే అన్నారు గానీ, డాక్టరు అన్న అర్థంలో కాదు.

ఈ మూడోవాణ్ణి తను చూడనంటోంది లిజెట్. యాభై నాలుగేళ్లకే ముసలిదైపోయింది ఆమె. పాలు తాగి నోరు కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. ఈమె ఇప్పుడు మజ్జిగ ముంత వైపు చూడనే చూడనంటోంది.

"నువ్వెళ్లి చూసిరా హెర్మినా. కాదని తెలిశాక మళ్లీ లోపలికొచ్చి నాకు చెప్పక్కర్లేదు. అట్నుంచి అటే వెళ్లిపో. నోటరీ ముందు సంతకం పెట్టే ఓపిక ఒక్కటీ మిగలనీ నాకు."

సంతకం క్లెమెన్స్ పేరు మీద. పొలం, ఇల్లు, పన్నెండు ఆవులు, అన్నీ ఈ సాయంత్రం అతనివవుతాయి. క్లెమెన్స్ లిజెట్ చెల్లెలి కొడుకు, ముప్ఫై ఏళ్లవాడు. పదమూడేళ్లుగా ఈ ఇంటి బరువు మోస్తున్నది అతనే. అప్పుడు కూడా తలుపు దగ్గర నిలబడి, పెద్దమ్మ వీపు వెనక దిండు జారిందని గమనించి, చప్పుడు చెయ్యకుండా వచ్చి సర్ది వెళ్లాడు. పొద్దున కుర్రాణ్ణి పట్టుకుని పోలీసులకి ఫోన్ చేసింది కూడా అతనే.

హెర్మినె లేచింది. వెళ్లేముందు లిజెట్ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

జీనుల గదిలో కుర్రాడు పీట మీద కూర్చున్నాడు. పొడుగు మనిషి. రాగిరంగు జుట్టే గానీ, రాగిరంగు జుట్టు ఈ దేశంలో కరువేమీ కాదు. అతని పక్కన ఇన్‌స్పెక్టర్ ట్రెప్టో గోడకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. బెర్లిన్ నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లోనే ఈ ప్రాంతపు రైతులంతా మందబుద్ధులని తేల్చేశాడు.

"రండి టెబ్బె గారూ. కందకి లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు. కేసు మాది. ఐదింటికి వీణ్ణి వ్యానెక్కిస్తాను."

"ఐదింటి వరకూ టైము నాదే కదండీ," అంది హెర్మినె. అని, కుర్రాడికి ఎదురుగా ఇంకో పీట లాక్కుంది. "పేరు?"

"కాస్పర్ ఆవర్‌బెక్."

"ఆ పేరు నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మొదట్నుంచీ అదే. ఆవర్‌బెక్ కాస్పర్ అనేవాళ్లు అందరూ. ఇంటిపేరు ముందుండేది. హోమ్‌లో కాయితం మీద వెనక్కి మార్చారు."

హెర్మినె పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగా అడుగుతూ పోయింది. అతను చెప్పినదంతా పొందికగానే ఉంది. రైలు గుర్తుంది. పిన్ని కోటు గుర్తుంది, మొహం గుర్తులేదు. తర్వాత పొగ. హిల్డెస్‌హైమ్ అనాథ పిల్లల హోమ్‌లో పెరిగాడు, వడ్రంగం నేర్చుకున్నాడు. పోయిన ఫిబ్రవరిలో మేస్త్రీ ఇంట్లో నడకకి వెళ్లేవాళ్లు వాడే పటం ఒకటి చూస్తుంటే, అందులో వాగు పక్కన ఒక ఇంటి గుర్తు, దాని పక్కన తన పేరు కనిపించాయి.

"పొద్దున పదీ ఇరవైకి ఈ ఇంట్లోకి ఎలా వచ్చావు?"

"పెద్ద తలుపులోంచి."

"తట్టావా?"

కుర్రాడు నిజంగానే తికమకపడ్డాడు. "పెద్ద తలుపు ఎవరైనా తడతారా అండీ?"

ట్రెప్టో నవ్వాడు. దొంగలెవరూ తట్టరని, ఆ మాట రాసుకోమని మూలనున్న కానిస్టేబుల్‌కి చెప్పాడు. హెర్మినె నవ్వలేదు. ఇక్కడి ఇళ్లలో పెద్ద తలుపు ఆవులకీ, గడ్డి బండికీ, ఇంటివాళ్లకీ. అది తట్టేవాడు పన్ను గుమాస్తా అయినా అయ్యుండాలి, పక్క జిల్లావాడైనా అయ్యుండాలి.

ట్రెప్టో తన దగ్గరున్న సాక్ష్యాన్ని అప్పుడు బయటికి తీశాడు. కుర్రాడి జేబులో దొరికిన పాత ఉత్తరం. ఆవర్‌బెక్ వారింటికని హిల్డెస్‌హైమ్ హోమ్ వార్డెన్ ఈ వైపు ఊళ్లన్నిటికీ రాస్తే, ఈ ఊరి ముద్రతో వచ్చిన జవాబు. తారీఖు 19.9.1951. రెండే వాక్యాలు: 'ఆవర్‌బెక్ అనే కుటుంబం మా ఊరి రిజిస్టరులో లేదు. మీరు రాసిన పిల్లాడి గురించి మాకేమీ తెలియదు.' కింద సంతకం గీత మాత్రమే, పేరు చదవడానికి లేదు.

"ఏడేళ్ల కిందటే లేదని చెప్పారు. నేను కూడా పొద్దున రిజిస్టరు తిరగేశాను. నూట ముప్ఫై ఏళ్లలో ఆ పేరుతో ఒక పుట్టుక లేదు, ఒక చావు లేదు. ఈ ఇంటివాళ్లు రెన్సింగ్‌లు. వీడు పటంలో ఇంటి పేరు చూశాడు, గోడ మీద ప్రకటన చూశాడు, రెండూ అతికించాడు. అతికించడం కూడా సరిగ్గా రాలేదు వెధవకి."

హెర్మినె ఆ ఉత్తరం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్‌ని తనతో పెద్ద తలుపు దాకా రమ్మంది. అతను గడియారం చూసుకున్నాడు. నాలుగూ ఐదు.

పెద్ద తలుపు లోపల ఇల్లంతా ఒకటే సావిడి. రెండువైపులా ఆవులు, ప్రతి ఆవు నెత్తిన ఒక పలక, పలక మీద సుద్దతో ఆవు పేరూ, ఈనిన తారీఖూ. ఆ పలకలు క్లెమెన్స్ రాసినవి. శుభ్రమైన మనిషి, అక్షరాలు కూడా శుభ్రంగా ఉన్నాయి. హెర్మినె ఒక్కో పలకా చదువుతూ నడిచింది. ఒక పలక దగ్గర, 9.9.58 అన్నచోట, కాసేపు ఎక్కువే నిలబడింది. ఆవుల మీద మీకింత ప్రేమ అనుకోలేదని వెనకనుంచి ట్రెప్టో దెప్పాడు.

ఆమె బయటికి నడిచి, తలుపు మీది దూలం చూపించింది. టేకుకన్నా గట్టి చెక్క, దాని మీద అరచెయ్యంత అక్షరాలు చెక్కి ఉన్నాయి. అంచులు అరిగాయి గానీ చదవొచ్చు. ఆమె పైకి చదివింది: "1794. యోహన్ హెర్మన్ రెన్సింగ్, ఆవర్‌బెక్ అని పిలవబడేవాడు. అతని భార్య ఆన్నా ఎల్జాబె ఆవర్‌బెక్. ఈ ఇల్లు నిలబెట్టారు."

"అయితే?"

"అల్లుడు ఇల్లరికం వచ్చాడు. వచ్చి ఈ గడపలో కాలు పెట్టగానే రెన్సింగ్ కాస్తా ఆవర్‌బెక్ అయిపోయాడు. ఈ ప్రాంతంలో ఇంటిపేరంటే నిజంగా ఇంటికున్న పేరేనండీ. నెత్తురుతో రాదు, పొలంతో వస్తుంది. వాగుకి అవతల ఉన్న ఇల్లు గనక ఆవర్‌బెక్, ఏటవతలివాళ్లు. ఇల్లు ఎవరు ఏలితే వాళ్లే ఏటవతలివాళ్లు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు మూడు ఇళ్లకి వెళ్లి మూడు ఇంటిపేర్లతో చచ్చిపోయిన సంగతులు మా చర్చి పుస్తకాల్లో కొల్లలు."

తర్వాత ప్రభుత్వాలు మారాయి. ఇక మీదట ఎవరూ పేరు మార్చుకోవడానికి వీల్లేదన్నారు. గుమాస్తా పుస్తకం పట్టుకుని వచ్చి అడిగితే, యోహన్ హెర్మన్ కొడుకు భయపడి తండ్రి పుట్టిన ఇంటిపేరు చెప్పాడు. కాయితంలో రెన్సింగ్ అలా పడింది. కాయితం రెన్సింగ్ అంది, ఊరు ఆవర్‌బెక్ అంది. నూట ముప్ఫై ఏళ్లుగా రెండూ ఒక చూరు కిందే కాపరం చేస్తున్నాయి. హెర్మినె ఇదంతా చెప్పేసరికి ట్రెప్టో సిగరెట్ చివరిదాకా కాలి వేలికి చురుక్కుమంది.

"సరే. దాంతో వీడు కొడుకెలా అయ్యాడు?"

"దొంగయితే ఏ పేరుతో వచ్చేవాడు?" అంది హెర్మినె. "పోస్టాఫీసు గోడ మీద పదేళ్లుగా ఉన్న పేరుతో. ముందొచ్చిన ఇద్దరూ రెన్సింగ్ అనే వచ్చారు. ఆ పేరు చెబితే తలుపులు తెరుచుకుంటాయని లోకమంతటికీ తెలుసు. వీడికొక్కడికే తెలియదు. వీడు పెరిగిన హోమ్ ఏదో మీ కానిస్టేబుల్ చెప్పగానే, నేను ఒకటిన్నరకి సత్రం నుంచి హిల్డెస్‌హైమ్‌కి ఫోన్ చేశాను. వార్డెన్ చేర్పుల పుస్తకం తెరిచి చదివాడు. 1944 అక్టోబరు 14, వరస సంఖ్య 212. మగపిల్లవాడు, సుమారు ఐదేళ్లు, చనిపోయిన స్త్రీ కోటు పట్టుకుని దొరికాడు, పేరు కాస్పర్ ఆవర్‌బెక్ అని తనే చెప్పాడు. ముందు 211, వెనక 213, మధ్యలో ఎవడూ దూర్చింది కాదు. ప్రకటనలు అంటించకముందే, పటం చూడకముందే, చదవడం రాకముందే ఆ పిల్లాడి నోట్లో ఈ ఇంటి పేరుంది."

ట్రెప్టో మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. అతనికి తట్టిన ప్రశ్న సరైన ప్రశ్నే: అలాగైతే తల్లి ఇన్నేళ్లూ ఆ పేరుతో ఎందుకు వెతకలేదు?

దానికి జవాబు వంటింట్లో ఉంది. నాలుగూ ఇరవైకి హెర్మినె మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంది. ఈసారి లిజెట్ కళ్లలోకే చూసింది. ట్రెప్టో గుమ్మం దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"లిజెట్, ఒక్క మాట చెప్పు. తప్పిపోయినవాళ్ల కోసం దరఖాస్తు రాసినప్పుడు ఏ పేరు రాశావు?"

"కాయితం పేరే. సర్కారువాళ్లు అడిగితే కాయితం పేరే కదా చెబుతాం."

"కాస్పర్‌కి కాయితం పేరు తెలుసా?"

ఈ ఊళ్లో పిల్లలకి కాయితం పేరు తెలిసేది బడిలో చేరిన రోజున. మాస్టారు హాజరు పిలుస్తాడు, పిల్లాడు పలకడు, పక్కవాడు మోచేత్తో పొడిచి "నువ్వేరా" అంటాడు, క్లాసంతా నవ్వుతుంది. అందరూ ఆ గండం దాటినవాళ్లే. లిజెట్ కూడా తన చిన్నప్పుడు దాటింది. కాస్పర్‌కి బడి ఈడు ఇంకా రాలేదు. తండ్రి గాయపడి హనోఫర్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక్కసారి కొడుకుని చూపించమని రాశాడు. ఆవుల్ని వదిలి లిజెట్ కదల్లేక చెల్లెలు టిల్డెతో, క్లెమెన్స్ తల్లితో, పంపింది. రైలు మీద బాంబులు పడ్డాయి. చెల్లెలు పోయింది, పిల్లాడి మెళ్లో కట్టిన చీటీ పోయింది. చూడకుండానే తండ్రి పోయాడు.

"వాడికి తెలియదు," అంది లిజెట్ చాలా నెమ్మదిగా. "రెన్సింగ్ అని వాణ్ణి ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు. పద్నాలుగేళ్లూ వాడిది కాని పేరు పెట్టి నేను వాణ్ణి వెతికాను."

ఆమె ఏడవలేదు. ఏడ్చే దశ దాటిపోయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిందని ఎవరినైనా అంటే నవ్వొస్తుంది. ట్రెప్టో దగ్గి, సంకెళ్ల తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ బయటికి నడిచాడు.

అతను కుర్రాణ్ణి తీసుకొచ్చేలోగా హెర్మినె ఇంకో పని ముగించాలి. అది ఆమెకి ఇష్టం లేని పని. క్లెమెన్స్ కాఫీ కూజాతో లోపలికి వచ్చాడు. ఆమె పాత ఉత్తరం విప్పి బల్ల మీద పెట్టింది.

"క్లెమెన్స్, ఆవర్‌బెక్ కుటుంబమే లేకపోతే హోమ్ వార్డెన్ రాసిన ఉత్తరం ఎవరికి చేరినట్టు? చిరునామా లేని ఉత్తరం తిరిగి వెళ్లిపోవాలి. కానీ జవాబు వెళ్లింది. అంటే పోస్టుమాన్ దాన్ని తేవాల్సిన ఇంటికే తెచ్చాడు. విప్పినవాళ్లు ఈ ఇంట్లోనే విప్పారు."

క్లెమెన్స్ కూజా కింద పెట్టలేదు.

"తొమ్మిది అంకె తోక లోపలికి చుట్టి రాసేవాళ్లు ఎక్కువమంది ఉండరు," అంది ఆమె. "ఈ ఉత్తరం తారీఖులో మూడు తొమ్మిదులున్నాయి. నీ పలక మీద రెండున్నాయి."

అతను కాదంటాడని, కనీసం కోప్పడతాడని ఆమె అనుకుంది. అతను కూజా బల్ల మీద పెట్టి, పెద్దమ్మ కాళ్ల దగ్గర, పిల్లలు కూర్చునే ముక్కాలి పీట మీద కూర్చుండిపోయాడు. రిజిస్టరులో ఆ పేరు లేదన్నది అబద్ధం కాదని మొదట అన్నాడు. రెండో వాక్యం అబద్ధమని తనే ఒప్పుకున్నాడు. మిగతాది లిజెట్ మోకాళ్లతో చెప్పినట్టు, తల వంచుకుని చెప్పాడు.

"ఆ రైల్లో వాణ్ణి తీసుకెళ్లింది మా అమ్మ. వాడు బతికి, అమ్మ చచ్చిపోయిందని ఆ ఉత్తరంలో చదివాను పెద్దమ్మా. నాకు ఇరవై మూడేళ్లు. నువ్వు తప్ప నాకెవరూ లేరు. ఊళ్లో అప్పుడప్పుడే నన్ను ఆవర్‌బెక్ క్లెమెన్స్ అనడం మొదలెట్టారు. వాడొస్తే నేను మళ్లీ ఎవరికీ ఏమీ కాను. పొలం కోసం కాదు. పొలం కోసమైతే ఇంత సిగ్గు ఉండేది కాదు."

పొద్దున సావిడిలో ఆ కుర్రాడు అటు తిరిగి నిలబడి ఉంటే, అచ్చం పెదనాన్న నిలబడ్డట్టే ఉందని, భయంతో ఏం చేస్తున్నాడో తెలియకుండా ఫోన్ ఎత్తానని కూడా చెప్పాడు. నోటరీని రావద్దని తనే చెప్పేస్తానన్నాడు.

లిజెట్ అతని తల మీద చెయ్యి వెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అప్పుడే గుమ్మంలో ట్రెప్టో, అతని వెనక కాస్పర్ కనిపించారు. కుర్రాడు మణికట్లు రుద్దుకుంటున్నాడు. గడప దాటడానికి ఎవరైనా రమ్మనాలేమోనని ఆగాడు.

తల్లీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. లిజెట్ లేవబోయింది. కాస్పర్ రెండంగల్లో వచ్చి పట్టుకున్నాడు. ఆమె అతని మొహం రెండు చేతులతోనూ తడిమింది. జుట్టు, నుదురు, చెవులు, గడ్డం, గుడ్డివాళ్లు తడిమినట్టు తడిమి, అతని చొక్కా బొత్తాం ఒకటి పట్టుకుని అలాగే ఉండిపోయింది. హెర్మినె కిటికీ వైపు తిరిగింది. ఐదేళ్ల నుంచి గుండెలో గుచ్చుకుంటున్నదేదో కొంచెం కదిలినట్టయింది ఆమెకి.

ట్రెప్టోకి మాత్రం కేసు తెగలేదు. పోలీసువాడి బుద్ధి, దారం కొస దొరికితే ఉండ విప్పేదాకా ఊరుకోదు. ఈ ఇంటికి మొత్తం ఎన్ని ఉత్తరాలు వచ్చాయని కుర్రాణ్ణి అడిగాడు.

"మూడండీ," అన్నాడు కాస్పర్. "మొదటిది వార్డెన్ గారు రాశారు. పటం చూశాక నేను రెండు రాశాను. మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి. ఆవర్‌బెక్ వారింటికి అనే రాశాను."

అందరూ క్లెమెన్స్ వైపు చూశారు. క్లెమెన్స్ తెల్లబోయాడు.

"నా చేతికి వచ్చింది ఒక్కటే. ఈ ఏడు ఏ ఉత్తరమూ నేను చూడలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"ఒకటి మింగినవాడికి రెండు లెక్కా?" అన్నాడు ట్రెప్టో. తెరిచిన సంకెళ్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి. పీట వైపు ఒక అడుగు వేశాడు.

"వాణ్ణి వదిలెయ్యండి," అంది లిజెట్.

ఆమె గొంతు మారిపోయింది. కొడుకు చొక్కా బొత్తాం వదిలేసింది.

"ఆ రెండూ నేనే పొయ్యిలో వేశాను. తెలియని చేతిరాత, దూరపు ఊరి ముద్ర. ముందొచ్చిన ఇద్దరి ఉత్తరాలూ అలాగే వచ్చాయి. మళ్లీ ఆశపడే శక్తి నాకు లేదనుకున్నాను. కవరు కూడా చింపలేదు. ఇప్పుడు మీరు తాగబోయే ఈ కాఫీ కాచిన పొయ్యిలోనే."

ట్రెప్టో సంకెళ్లు కోటు జేబులో వేసుకున్నాడు. క్లెమెన్స్ మొదటిసారి తల ఎత్తి పెద్దమ్మ మొహంలోకి చూశాడు. హెర్మినెకి ఆ వంటింట్లో ఎవరి మీద కేసు రాయాలో, ఎవరిని క్షమించమని ఎవరిని అడగాలో తెలియలేదు.

లిజెట్ కొడుకు వైపు తిరిగి అడిగింది.

"జూన్‌లో రాసినదాంట్లో ఏం రాశావు నాయనా?"

"పెద్దగా ఏం లేదండీ," అన్నాడు కాస్పర్. "మీరు మా అమ్మ కాకపోతే కాదని ఒక్క ముక్క రాయండి, మళ్లీ విసిగించను అని రాశాను. మూడు నెలలు చూశాను. కాదని ముక్క రాలేదు. అందుకని వచ్చేశానమ్మా."